మున్షీ, కనయ్యాలాల్ మాణెక్‌లాల్ (1887–1971)

గుజరాతీ నవలాకారుడు, బొంబాయి హైకోర్టు న్యాయవాది, రాజ్యాంగ ముసాయిదా సంఘ సభ్యుడు. 1948లో నిజాం రాజ్యంలో భారత ప్రభుత్వ ఏజెంట్ జనరల్. 1887 డిసెంబరు 30న భరూచ్‌లో పుట్టారు. బరోడా కళాశాలలో అరవిందులు ఆయనకు అధ్యాపకులు. 1913లో బొంబాయిలో వకీలుగా నమోదై, భూలాభాయి దేశాయి దగ్గర వృత్తి నేర్చుకున్నారు. సోలంకీల కాలపు పాటణ నేపథ్యంగా రాసిన ‘గుజరాత్ నో నాథ్’ వంటి నవలలతో పేరు వచ్చింది. సాహిత్య జీవితానికి వేరే వ్యాసం కావాలి. ఇక్కడ ప్రధానంగా హైదరాబాదు ఉద్యోగాన్నీ, దానికి దారి తీసిన బార్డోలీ పరిచయాన్నీ చూద్దాం.

సూరత్ జిల్లా బార్డోలీ తాలూకాలో 1927 నాటి భూమిశిస్తు సవరణ మీద రేగిన సత్యాగ్రహం సుపరిచితం. 30 శాతం దాకా పెంచాలని మొదట సిఫారసు వచ్చింది. ప్రభుత్వం దాదాపు 22 శాతం దగ్గర ఖాయం చేసింది. ఉద్యమారంభాన్ని కొందరు వల్లభ్‌భాయి పటేల్ అక్కడి సభకు వచ్చిన 1928 ఫిబ్రవరి 4 నుంచి లెక్కిస్తారు. శిస్తు కట్టబోమని రైతులు తీర్మానించింది ఫిబ్రవరి 12న గనుక ఆ తేదీనే తీసుకోవడం సబబు. మున్షీ అప్పటికి విశ్వవిద్యాలయ నియోజకవర్గం నుంచి బొంబాయి శాసనమండలి సభ్యుడు. ఉద్యమకారుడు కాడు, చట్టసభ మార్గాన్ని నమ్మినవాడు. తాలూకాకు స్వయంగా వెళ్లి, జప్తుకు చిక్కకుండా మనుషులతో పాటు పశువులను కూడా ఇళ్లలో పెట్టి తలుపులు బిగించుకున్న గ్రామాలను చూశాక, గవర్నర్ సర్ లెస్లీ విల్సన్‌కు ఘాటైన లేఖ రాశారు. మండలి సభ్యత్వానికి రాజీనామా చేశారు. జప్తుల తీరును విచారించడానికి ఏర్పడిన అనధికార సంఘానికి అధ్యక్షత కూడా వహించారు. ఆగస్టులో రాజీ కుదిరింది. తర్వాత బ్రూమ్‌ఫీల్డ్, మాక్స్‌వెల్ విచారణ పెంపును ఆరు శాతం చేరువకు దించింది. ఆ రాజీకి మున్షీ లేఖ ఎంత తోడ్పడిందో చెప్పేటప్పుడు ఆయన అభిమానుల మాట కొంత తగ్గించుకునే వినాలి. పటేల్ విశ్వాసం మాత్రం ఆయనకు అక్కడే దక్కింది.

1930 ఉప్పు సత్యాగ్రహంలో జైలు, 1937–39లో బొంబాయి హోం మంత్రి పదవి, 1938లో భారతీయ విద్యా భవన్ స్థాపన, 1941లో అహింస విషయమై కాంగ్రెసుకు దూరం కావడం, 1946లో తిరిగి చేరడం ఈ మధ్యకాలపు ఘట్టాలు.

1947 నవంబరు 29న భారత ప్రభుత్వానికీ నిజాంకూ మధ్య కుదిరిన, పాత సంబంధాలను అలాగే కొనసాగించే యథాతథ ఒడంబడిక ప్రకారం ఇరుపక్షాలూ ఒకరి రాజధానిలో ఒకరు ఏజెంటును ఉంచుకోవచ్చు. ఢిల్లీకి హైదరాబాదు తరఫున జైన్ యార్ జంగ్ వెళ్లారు. ఇటు సంస్థానాల శాఖ చూస్తున్న పటేల్ మున్షీని పంపారు. 1948 జనవరి మొదటి వారంలో మున్షీ వచ్చేసరికే పేచీ మొదలైంది. ఏజెంటు వాణిజ్య వ్యవహారాలకే పరిమితమని నిజాం ప్రభుత్వం పట్టుబట్టింది. బ్రిటిష్ రెసిడెంటు నివసించిన కోఠీ రెసిడెన్సీని ఇవ్వడానికి ససేమిరా అంది. దాంతో బొల్లారంలో భారత సైన్యానికి చెందిన ఇంట్లో ఆయన బస చేయాల్సి వచ్చింది. ఈ పదవిని రాయబార పదవి అనవచ్చా? హైదరాబాదు తనను స్వతంత్ర రాజ్యంగా భావించుకుంది కాబట్టి దాని దృష్టిలో ఆయన పరదేశ ప్రతినిధే. ఢిల్లీ ఆ మాట ఎన్నడూ ఒప్పుకోలేదు. హోదా తేలకుండానే తొమ్మిది నెలలు గడిచాయి.

అసలు చర్చల్లో మున్షీ పాత్ర అనుకున్నంత పెద్దది కాదు. గవర్నర్ జనరల్ మౌంట్‌బాటన్, సంస్థానాల శాఖ కార్యదర్శి వి.పి. మీనన్, నిజాం సలహాదారు వాల్టర్ మాంక్టన్ నేరుగా మాట్లాడుకున్నారు. ఆ చర్చల్లో తయారైన జూన్ ముసాయిదాకు డెహ్రాడూన్‌లో అస్వస్థుడై ఉన్న పటేల్ అయిష్టంగానే అంగీకరించగా, నిజామే కాదన్నారు. మున్షీ చేసిన పని వేరు: ఖాసిం రజ్వీ నాయకత్వంలోని సాయుధ దళమైన రజాకార్ల దాడులు, పాకిస్తానుకు ఇచ్చిన 20 కోట్ల రూపాయల రుణం, సిడ్నీ కాటన్ విమానాల్లో కరాచీ నుంచి దిగుతున్న ఆయుధాలు, తెలంగాణ పల్లెల్లో కమ్యూనిస్టుల పోరాటం వంటి పరిణామాలను పటేల్‌కు ఎప్పటికప్పుడు చేరవేయడం. ప్రధాని మీర్ లాయక్ అలీ ఆయనను మధ్యవర్తిగా కాక ప్రత్యర్థిగానే చూశారు. మున్షీ జ్ఞాపకాలు చదివితే ఆయన కూడా అలాగే నడుచుకున్నారనిపిస్తుంది.

ఆగస్టు 21న హైదరాబాదు ఐక్యరాజ్యసమితి భద్రతా మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సేనలు సరిహద్దు దాటాయి. మున్షీని బొల్లారంలోనే కాపలా మధ్య ఉంచారు. 16న పారిస్‌లో మండలి సమావేశమై హైదరాబాదు ప్రతినిధి మొయిన్ నవాజ్ జంగ్ వాదన విన్నది. మరునాటికే లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది. నిజాం మున్షీని పిలిపించి మాట్లాడి, ఆ సాయంత్రం రేడియోలో కాల్పుల విరమణ ప్రకటించారు. 18న హైదరాబాదు సేనాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ భారత సేనల మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురికి లొంగిపోయారు.

ఈ అయిదు రోజుల గురించి మూడు ముఖ్య కథనాలున్నాయి: మీనన్ సంస్థానాల విలీన చరిత్ర (1956), మున్షీ ‘ది ఎండ్ ఆఫ్ యాన్ ఎరా’ (1957), లాయక్ అలీ ‘ట్రాజెడీ ఆఫ్ హైదరాబాద్’ (1962). 17వ తేదీ సంభాషణకు మున్షీ ప్రత్యక్ష సాక్షి. సన్నివేశాన్ని నవలాకారుడి చేతితోనే దిద్దారు. పరిపాలనా నిర్ణయాల క్రమానికి మీనన్‌ను అనుసరించడమే క్షేమం. నిజాం తలపెట్టిన తాత్కాలిక ప్రభుత్వ ఏర్పాటును ఢిల్లీ తోసిపుచ్చి చౌధురిని సైనిక గవర్నరుగా నియమించడంతో ఏజెంట్ జనరల్ పదవికి పని లేకుండా పోయింది. సైనిక చర్య వెనువెంట జరిగిన హింసకు మున్షీ పుస్తకంలో దక్కిన చోటు తక్కువ. ఆ హింసపై విచారణ జరిపిన సుందర్‌లాల్ బృందం నివేదికను పక్కన పెట్టుకోకుండా ఆ కాలాన్ని అంచనా వేయలేం.

తర్వాత కేంద్ర ఆహార, వ్యవసాయ మంత్రిగా 1950లో వన మహోత్సవాన్ని ప్రారంభించారు. సోమనాథ ఆలయ పునర్నిర్మాణానికి పూనుకున్నారు. 1952–57 మధ్య ఉత్తరప్రదేశ్ గవర్నరు. 1959లో రాజాజీ స్థాపించిన, ఆచార్య ఎన్.జి. రంగా అధ్యక్షత వహించిన స్వతంత్ర పార్టీలో చేరారు. 1971 ఫిబ్రవరి 8న బొంబాయిలో మరణించారు. భార్య లీలావతి కూడా రచయిత్రి. వారి వివాహం 1926లో జరిగింది.