లెక్కలు చాలు, ప్రశ్నలొద్దు అన్న రోజులు

తత్వశాస్త్రం చచ్చిపోయిందని 2010లో స్టీఫెన్ హాకింగ్, లియొనార్డ్ మ్లోడినావ్ తమ ‘ది గ్రాండ్ డిజైన్’ తొలి పేజీల్లోనే తేల్చేశారు. ఆధునిక విజ్ఞానంతో, ముఖ్యంగా భౌతికశాస్త్రంతో, అది సమంగా నడవలేకపోయిందన్నది వారి అభియోగం. పన్నెండేళ్లు తిరిగేసరికి భౌతికశాస్త్ర నొబెల్ అలెన్ ఆస్పె, జాన్ క్లౌజర్, ఆంటన్ జైలింగర్‌లకు వచ్చింది. ఆ ముగ్గురి ప్రయోగాలకూ మూలమైన ప్రశ్నను భౌతికశాస్త్రజ్ఞుల్లో అత్యధికులు ముప్పై ఏళ్లకు పైగా ‘అది తత్వశాస్త్రం, మన పని కాదు’ అంటూ గుమ్మం బయటే నిలబెట్టారు. ఆ చరిత్ర తెలిస్తే హాకింగ్ తీర్పును ఒప్పుకోవడం కష్టం.

ప్రశ్న లేవనెత్తింది ఐన్‌స్టీన్. ఆయనకు తత్వశాస్త్రం కాలక్షేపం కాదు. బెర్న్‌లో యువకుడిగా ఉన్న రోజుల్లో మోరిస్ సొలోవిన్, కాన్రాడ్ హబిక్ట్ అనే మిత్రులతో కలిసి ‘ఒలింపియా అకాడమీ’ పెట్టుకుని, హ్యూమ్, మాక్, పాయింకరేల పుస్తకాలు చదివి వాదించుకునేవారు. కాలం అందరికీ ఒకేలా నడుస్తుందన్న నమ్మకాన్ని 1905లో కాదనగలగడానికి హ్యూమ్, మాక్ చదువులే దారి చూపాయని తర్వాత ఆయనే చెప్పారు.

1935 మే నెలలో ఆయన బోరిస్ పొడోల్‌స్కీ, నేథన్ రోజెన్‌లతో కలిసి ‘ఫిజికల్ రివ్యూ’లో నాలుగు పేజీల వ్యాసం రాశారు. ఒకచోట పుట్టి చెరో దిక్కుకు పోయిన రెండు కణాల్లో ఒకదాన్ని కొలిస్తే రెండోదాని సంగతి తెలిసిపోతుందని క్వాంటం సిద్ధాంతం చెబుతుంది. జత చెప్పుల్లో ఒకటి విశాఖకు, ఒకటి ఆదిలాబాద్‌కు పార్సిల్ చేస్తే, విశాఖలో కట్ట విప్పి కుడికాలిది చూడగానే ఆదిలాబాద్ చేరింది ఎడమకాలిదని తెలుస్తుంది. అందులో వింత లేదు. ఏది ఎటు పోతోందో కట్టినప్పుడే నిర్ణయమైంది. కణాల గుణాలూ అలాగే ముందే నిర్ణయమై ఉండాలి, వాటిని చెప్పలేని క్వాంటం సిద్ధాంతం అసంపూర్ణం అన్నది ఐన్‌స్టీన్ వాదం. కొలిచే ఏర్పాటుతో సంబంధం లేకుండా ఆ గుణాల గురించి మాట్లాడటమే కుదరదని నీల్స్ బోర్ అదే ఏడాది జవాబిచ్చారు. బోరే గెలిచారని లోకం అనుకుంది.

అలా అనుకోవడానికి ఒక గట్టి కారణం ఉండేది. క్వాంటం సిద్ధాంతం అడుగున దాగిన వివరాలేవీ ఉండే అవకాశమే లేదని మహాగణితవేత్త జాన్ ఫాన్ నాయ్‌మన్ 1932లో తన పుస్తకంలో నిరూపించినట్టు చెప్పారు. ఆ పేరు వింటే ఇక ఎదురు మాట్లాడేవారు లేరు.

ఒకరు మాట్లాడారు. జర్మనీలోని బ్రెమెన్‌లో పుట్టిన గ్రెటె హెర్మన్, ఎమీ నోథర్ దగ్గర గణితంలో డాక్టరేట్ చేసి, తత్వశాస్త్రానికి మళ్లిన విదుషి. కారణం లేకుండా కార్యం ఉండదన్న కాంట్ సూత్రాన్ని క్వాంటం సిద్ధాంతం నిజంగా కొట్టేసిందా అన్నది ఆమె బాధ. అది తేల్చుకోవడానికి లైప్‌జిగ్ వెళ్లి, హైజెన్‌బర్గ్ బృందంతోనే చర్చకు కూర్చున్నారు. 1935లో ఆమె రాసిన వ్యాసం ఫాన్ నాయ్‌మన్ నిరూపణలో ఒక్క మెట్టు దగ్గర ఆగింది. రెండు రాశుల సగటులను కూడితే ఆ రెంటి మొత్తానికి సగటు వస్తుందన్న నియమం క్వాంటం సిద్ధాంతంలో చెల్లుతుంది, నిజమే. కానీ దాని వెనుక దాగి ఉన్నాయేమోనని మనం వెతుకుతున్న వివరాలకూ అదే చెల్లుతుందని ముందే ఎలా అనుకుంటాం? నిరూపించాల్సినంత అనుమానాస్పదమైన దాన్నే హేతువుగా చూపడం అది. మన న్యాయసూత్రాలు హేత్వాభాసాల్లో ‘సాధ్యసమం’ అని చేర్చిన దోషం. హెర్మన్ కొత్త ప్రయోగం ఏదీ చేయలేదు. వాదంలో ఒప్పుకోలు ఎక్కడ దూరిందో చూశారు, అంతే. తత్వవేత్తలు వేల ఏళ్లుగా చేస్తున్న పని అదే.

ఆ వ్యాసం ఒక తత్వశాస్త్ర పత్రికలో అచ్చయింది. భౌతికశాస్త్రజ్ఞులు దాన్ని పట్టించుకోలేదు. నాజీలను ఎదిరించే సోషలిస్టు బృందంలో పనిచేస్తున్న హెర్మన్ త్వరలోనే దేశం విడిచి పోవలసి వచ్చింది.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత సంగతి ఇంకా ముదిరింది. రాడార్, అణుబాంబు భౌతికశాస్త్రానికి డబ్బు, పలుకుబడి తెచ్చిపెట్టాయి; కిక్కిరిసిన తరగతుల్లో లెక్క వేగంగా కట్టేవాడే సమర్థుడయ్యాడు. ‘దీని అర్థమేమిటి’ అని అడిగే కుర్రవాడికి ఉద్యోగం దొరకదన్న మాట ఆచారంలా పాతుకుంది.

బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన జాన్ బెల్‌కు జెనీవాలోని సెర్న్‌లో వేరే పని ఉండేది. ఈ ప్రశ్నను మాత్రం ఆయన వదల్లేదు. సెలవు మీద అమెరికా వెళ్లినప్పుడు రాసిన ఆరు పేజీల వ్యాసం 1964లో, కొన్నేళ్లకే మూతపడిన ఒక చిన్న పత్రికలో వచ్చింది. గుణాలు ముందే నిర్ణయమై ఉండి, ఒకచోటి కొలత దూరాన ఉన్నదాన్ని తాకకపోతే, రెండు చోట్ల ఫలితాల పొంతన ఒక హద్దు దాటకూడదని అందులో చూపారు. క్వాంటం సిద్ధాంతం ప్రకారం అది దాటుతుంది. మాటల వాదం కొలవదగిన సంఖ్య అయింది. ఫాన్ నాయ్‌మన్ నిరూపణలో హెర్మన్ చూపిన లోపాన్నే బెల్ మళ్లీ పట్టుకున్న వ్యాసం 1966లో వెలువడింది.

క్లౌజర్ విద్యార్థిగా ఉండగా బెల్ వ్యాసం చదివి, 1972లో స్టువర్ట్ ఫ్రీడ్‌మన్‌తో కలిసి బర్క్‌లీలో కాల్షియం పరమాణువుల కాంతితో ఆ పొంతనను కొలిచారు. ఐన్‌స్టీన్ వైపే గెలవాలని ఆయన ఆశ. ఫలితం క్వాంటం సిద్ధాంతం వైపు వచ్చింది. ఇదే ప్రయోగాన్ని మెరుగుపరచాలని వచ్చిన ఆస్పెను బెల్ ముందుగా అడిగింది, ‘మీకు స్థిరమైన ఉద్యోగం ఉందా?’ అని. ఉండబట్టి సరిపోయింది. 1982లో ఆస్పె ఫలితాలు పొంతన హద్దు దాటిందని మరింత బలంగా చూపాయి.

ఐన్‌స్టీన్ ఊహించిన జవాబు నిలవలేదు. హెర్మన్ కాపాడాలనుకున్న కాంట్ సూత్రానికీ దీనితో తీర్పు దొరకలేదు. అయినా వారు ఆ ప్రశ్న అడగకపోతే ఈ ప్రయోగాలు లేవు. 1991లో ఆర్తుర్ ఎకర్ట్ బెల్ హద్దునే రహస్య సందేశాలకు కాపలాగా నిలిపే పద్ధతి ప్రతిపాదించారు. అర్థం అడగకుండా లెక్కలే కట్టుకుంటూ పోయి ఉంటే అది ఎవరికి తట్టేది?

కేంద్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో రూ. 6,003.65 కోట్లతో జాతీయ క్వాంటం మిషన్‌కు ఆమోదం తెలిపింది. 2025లో అమరావతి క్వాంటం వ్యాలీ కోసం ఐబీఎం, టీసీఎస్, ఎల్ అండ్ టీలతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి ఒప్పందం కుదిరింది. క్వాంటం పాఠాలు మన ఇంజినీరింగ్ కళాశాలల్లోకీ వస్తున్నాయి. ఆ పాఠ్యప్రణాళికలు రాసే అధ్యాపకులకు ఒక మనవి: మాత్రికల లెక్కలతో పాటు 1935 నాటి ఆ నాలుగు పేజీలనూ, గ్రెటె హెర్మన్ అభ్యంతరాన్నీ పిల్లల చేత చదివించండి. వాళ్లు అర్థం అడిగితే కూర్చోబెట్టి చర్చించండి.