డోలీ, ఘాట్ రోడ్డు, వెనక గేటు

అలిపిరి పాదాల మండపం దగ్గర నిలబడితే మెట్లు ఎక్కడ మొదలవుతాయో కనిపిస్తుంది గానీ ఎక్కడ అయిపోతాయో కనిపించదు. మూడున్నర వేలకు పైనే. 1944లో మొదటి ఘాట్ రోడ్డు తెరిచేదాకా నడవలేనివాళ్ళకి డోలీయే దిక్కు.

డోలీ చెడ్డదని అనను. కానీ అందులో కూర్చున్న మనిషి మోసేవాళ్ళ తీరికని బట్టి, చేతిలో ఉన్న డబ్బుని బట్టి కదలాలి. రోడ్డు అలా కాదు. ముసలమ్మ, చంటిబిడ్డ తల్లి, పోలియో వచ్చినవాడు, దిట్టంగా ఉన్న కుర్రాడు, అందరూ ఒకే బస్సులో. వికలాంగుల్ని తలుచుకుని వేశారని కాదు, అయినా పనికొచ్చింది. అమెరికన్ ఆర్కిటెక్ట్ రోనాల్డ్ మేస్ (ఆయనా పోలియోతో చక్రాల కుర్చీలో తిరిగినవాడే) తర్వాతెప్పుడో 'యూనివర్సల్ డిజైన్' అన్నది ఇలాంటిదాన్నే.

మన ఆఫీసులు ఇంకా డోలీ కాలంలోనే ఉన్నాయి. నేను మొదట చేరిన కంపెనీలో ర్యాంపు ఉండేది, వెనకవైపు, సరుకుల లిఫ్టు పక్కన. వీల్‌చైర్‌లో వచ్చే మా టీమ్‌మేట్ రోజూ సెక్యూరిటీకి ఫోన్ చేసి గేటు తీయించుకునేవాడు. మేం దాన్ని సాయం అనుకునేవాళ్ళం. కోడ్ రివ్యూల్లో అతను నన్ను ఉతికి ఆరేసేవాడు, అది వేరే సంగతి.

2016 చట్టం, నిబంధనలు వచ్చిన ఐదేళ్ళలో ప్రజలు వాడే పాత భవనాల్ని కూడా మార్చాలంది. నిబంధనలు 2017 జూన్‌లో వచ్చాయి. 2022లో గడువు దాటిపోయింది. చట్టం తప్పనిసరి అన్నదాన్ని 15వ నిబంధన వట్టి సలహాగా మార్చేసిందని, అది చెల్లదని రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు చెప్పేసరికి 2024 నవంబరు. కోర్టు ముందున్న నివేదిక మన హైదరాబాద్ నల్సార్‌ వాళ్ళది.

మా టీమ్‌మేట్ అప్పటికే ఇంటినుంచి చేసే ఉద్యోగం చూసుకున్నాడు.