ఇంటి కాపుదలకు తుపాకి

కడప జిల్లాలో పెండ్లిమర్రి, పులివెందుల, జమ్మలమడుగు ప్రాంతపు పల్లెలకు ఇంటి కాపుదల యనునది క్రొత్త చింత కాదు. ఊరికి బురుజు, ఇంటికి మందమైన గోడ, మిద్దెపై కావలి, ఇవి మన పెద్దల తొలి రక్షణ సాధనములు. తుపాకి ఆ వరుసలో తరువాత చేరినది. దానిని ఎన్నుకొనుటలో ఏ గుణములు చూడబడినవో, ఏ హద్దులు ఏర్పడినవో ఇచ్చట విచారింతము.

1800లో నిజాము ఈ సీమను కుంపిణీవారికి దత్తము చేసెను. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రోకు ఈ దత్తమండలములలో ఎదురైనవారు సుమారు 80 మంది పాలెగాండ్రు, వారి సాయుధ బంట్రోతులు. ఊరిని కాచెదమని రుసుము గొనువారు వారే. అది ముట్టనిచో కొల్లగొట్టువారును పలుమారు వారే. మన్రో ఆ బలగములను చెదరగొట్టెను. పిదప 1878 నాటి ఆయుధ చట్టము లైసెన్సు లేనిదే తుపాకి యుండరాదని శాసించెను. తెల్లవారికి మాత్రము ఆ నిర్బంధము లేకుండెను. ఈ పక్షపాతమును కాంగ్రెసు మహాసభ ఏండ్ల తరబడి నిరసించినది.

ఇక తుపాకి సంగతి. వత్తి నంటించి కాల్చు పాత తుపాకి వానలో పనికిరాదు. మూతి నుండి మందును, గుండ్లను కూరి కడ్డీతో దట్టించు నాటు తుపాకి ఒకసారి ప్రేలిన పిమ్మట మరల సిద్ధమగుసరికి దొంగ గోడ దాటును. కావుననే వెనుక నుండి తూటా పెట్టు జోడు గొట్టాల తుపాకికి మన్నన హెచ్చినది. అందు రెండవ దెబ్బ చేతిలోనే యుండును. దీనిని ‘పన్నెండు బోరు’ అందురు. పౌను సీసమును 12 సమభాగములు చేసి గుండ్లు పోసినచో, అందొక గుండు పట్టునంతటి గొట్టమని దాని యర్థము. రైఫిలు గుండు మైలు దూరము పోగలదు. ఈ తుపాకి చిన్న గుండ్లు కొలది దూరములోనే వేగము కోల్పోవును. ఇల్లు నిల్లు తగిలియుండు పల్లెలో ఇది చిన్న విషయము కాదు. అయినను దగ్గరగా కాల్చినచో తలుపు చెక్కను దాటి అవతలివారిని గాయపరచవచ్చును.

1959 నాటి ఆయుధ చట్టమును ఈ భేదమును గుర్తించినది. ఆత్మరక్షణకై 20 అంగుళములకు తక్కువ గాని నునుపు గొట్టపు తుపాకికిని, పైరు కాపుదలకై మూతి నుండి కూరు తుపాకికిని అది ప్రత్యేక స్థానము నిచ్చెను. 2019 సవరణతో ఒక్కొక్కరికి ఉండదగిన తుపాకులు మూడు నుండి రెండుకు తగ్గినవి. ఎన్నికల వేళ లైసెన్సు తుపాకులను ఠాణాలో అప్పగింపజేయు పద్ధతియు కలదు. కక్షలు రగిలిన ఈ సీమలో దాని అవసరము వేరుగా చెప్పనక్కరలేదు.

రాత్రి వేళ ఇల్లు చొరబడువానిని ఎదిరించు హక్కును 1860 నాటి శిక్షాస్మృతి ఇచ్చెను. 2024 జులై నుండి అమలులోనికి వచ్చిన న్యాయసంహితయు దానిని నిలిపినది. కాని అవసరమునకు మించిన హాని చేయరాదను నియమము రెంటను కలదు. పారిపోవువాని వీపుపై కాల్చుట కాపుదల యనిపించుకొనదు.

కనుక తుపాకి కొనదలచినవారు గొట్టము పొడవుతో పాటు ఇంటిలోని పిల్లలను, గోడకు అవతలి పొరుగువారిని తలచుకొనవలెను. తూటాలు ఒకచోట, తుపాకి మరియొకచోట, రెంటికిని తాళము ఉండవలెను. గట్టి గడియ, వాకిట దీపము, కేక వేసిన వచ్చు ఇరుగుపొరుగు, వీనిని సమకూర్చుకొన్న పిదపనే తుపాకి మాట తలపెట్టుట మేలు.