బల్లకుందె మున్నూరు నుంచి హండే నాయకుల దాకా: బళ్ళారి సీమను ఏలిన కుటుంబాలు

బళ్ళారి కోట ఎవరు కట్టారని మన పిల్లల్ని అడిగితే హైదర్ అలీ అంటారు. కొండ కింది కోటకు ఆ మాట సరిపోతుంది. కొండ మీది కోట అంతకు దాదాపు రెండు వందల ఏళ్ల ముందుది. దాన్ని కట్టించినవాడు హండే హనుమప్ప నాయకుడు. ఈయన పేరు వెతకబోయేవారికి ఒక చిక్కు ఉంది. బళ్ళారి జిల్లా చరిత్ర పుస్తకాల్లో ఈ వంశం వాళ్లు 'నాయక'లు, అనంతపురం పుస్తకాల్లో 'నాయుడు'లు. వంశం ఒక్కటే. ఒక పుస్తకం చదివినవారు రెండోది చదవక, ఇద్దరు వేరు వేరు పాలెగాళ్లనుకున్న సందర్భాలు నేను చూశాను. ఈ సీమను ఏలిన కుటుంబాల సంగతి ఒకచోట పెట్టాలనిపించడానికి ఇదొక కారణం.

పాతకాలంలో ఈ ప్రాంతానికి జిల్లా, తాలూకా అనే మాటలు లేవు. నాడు, సీమ, వాడి అనేవారు. పేరు పక్కన ఒక అంకె ఉండేది. మన బళ్ళారి చుట్టుపట్లది బల్లకుందె 300. ఆదోని వైపుది సిందవాడి 1000. హడగలి, హరపనహళ్ళి వైపు కోగళి 500. వీటి మీద పెద్ద గొడుగులా నొళంబవాడి 32000. ఈ అంకెలు ఊళ్ల లెక్కా, పన్ను లెక్కా అనే విషయంలో పండితులు నేటికీ ఒక మాట మీద లేరు. ముప్పై రెండు వేల ఊళ్లు ఈ నేల మీద ఉండటం అసాధ్యం కనుక, కనీసం పెద్ద అంకెలన్నీ ఊళ్లు కావని మాత్రం ధైర్యంగా అనుకోవచ్చు.

ఒక్కో నాడు మీద చక్రవర్తి తరఫున ఒక మండలేశ్వరుడు ఉండేవాడు. అది మొదట ఉద్యోగం. పన్ను వసూలు చేయాలి, సైన్యం పెట్టాలి, పిలిస్తే యుద్ధానికి వెళ్ళాలి. రెండు మూడు తరాలు గడిచేసరికి ఆ ఉద్యోగం ఇంటి ఆస్తి అయ్యేది. ఇది మన దగ్గర మాత్రమే జరిగిన సంగతి కాదు. యూరప్‌లో ఫ్రాంకుల చక్రవర్తి షార్లమేన్ 800 ప్రాంతంలో తన రాజ్యాన్ని ఇలాంటి తునకలుగానే పెట్టి, ఒక్కోదానికి 'కౌంట్' అనే అధికారిని నియమించాడు. ఆయన మనవడు, బట్టతల చార్లెస్ అని పిలిచే రాజు, 877లో ఇటలీ దండయాత్రకు బయలుదేరుతూ, ఆ కాలంలో కౌంట్‌లు ఎవరైనా చనిపోతే వాళ్ల కొడుకుల పక్షం చూస్తానని మాట ఇచ్చాడు. తర్వాత తర్వాత ఆ కుటుంబాలు రాజును మించిపోయాయి. ఆంజూ, తులూజ్ లాంటి సీమలు అలా వంశపారంపర్య రాజ్యాలయ్యాయి. నేను ఉద్యోగ జీవితమంతా ఫైళ్ల మధ్య గడిపినవాణ్ణి. నియమించినవాడి చెయ్యి బలహీనపడితే కుర్చీలో ఉన్నవాడు సొంతదారు కావడం నాకేమీ వింతగా తోచదు.

మన సీమలో ఇలా ఎదిగిన మొదటి పెద్ద వంశం నొళంబులది. వాళ్ల రాజధాని హెంజేరు, అంటే నేటి మడకశిర దగ్గరి హేమావతి. ఇప్పుడది ఆంధ్రలో ఉంది. పల్లవుల వంశం మాదని చెప్పుకునేవారు. గంగరాజు మారసింహుడు వీళ్లను ఓడించి 'నొళంబకులాంతకుడు' అని బిరుదు పెట్టుకున్నాడు కాని కులం అంతం కాలేదు. పదకొండో శతాబ్దంలో కల్యాణి చాళుక్యుల సామంతులుగా మళ్లీ కనిపిస్తారు. వాళ్లు ఏలిన నాళ్ల జాబితాలో బల్లకుందె 300 ఉంది. ఆ తర్వాత చాళుక్యులు నొళంబవాడికి తమ రాజకుమారులనే పంపారు. 1060లలో కంపిలి నుంచి పాలించిన విష్ణువర్ధన విజయాదిత్యుడి బిరుదుల్లో వేంగి పేరు ఉంది. తుంగభద్ర ఒడ్డున కూర్చుని గోదావరి తీరం పేరు పెట్టుకున్న ప్రభువన్నమాట. తర్వాత ఉచ్చంగిదుర్గం పాండ్యులు వచ్చారు. మధురై పాండ్యులతో వీళ్లను కలపకూడదు.

బల్లకుందె 300కు సొంత ప్రభువులంటే మాత్రం కురుగోడు సిందులనే చెప్పాలి. పన్నెండో శతాబ్దం వాళ్లది. తమది నాగవంశమని చెప్పుకున్నారు. యలబుర్గిలో, బాగల్‌కోట వైపు కూడా సిందుల శాఖలు ఉండేవి. కురుగోడులో రాచమల్లుడనే పేరున్న ప్రభువులు ప్రధానంగా కనిపిస్తారు. చాళుక్యులు ఉంటే చాళుక్యుల పేరు, మధ్యలో కలచురులు రాజ్యం లాక్కుంటే వాళ్ల పేరు శాసనం పైన పెట్టి, కింద తమ పని తాము చేసుకున్నారు. పై అధికారి మారినా సీటు వదలని నేర్పు అది. హొయసల రెండో బల్లాళుడు తాను గెలిచిన కోటల్లో కురుగోడును కూడా చెప్పుకున్నాడు. దొడ్డబసవేశ్వరుడి జాతరకు కురుగోడు వెళ్ళేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. ఊరి పక్క కొండ మీది కోటనూ, కొండ పాదాన ఉన్న పాత రాతి గుళ్లనూ చూసి వచ్చేవాళ్లు తక్కువ.

ఆ మీదట కంపిలి. ముమ్మడి సింగడు, అతని కొడుకు కంపిలిదేవుడు, మనవడు కుమార రాముడు. మూడు తరాలకే ముగిసిన రాజ్యం. ఢిల్లీ సుల్తాను మహమ్మద్ బిన్ తుగ్లక్ మీద తిరగబడ్డ బహావుద్దీన్ గుర్షాస్ప్ పారిపోయి వచ్చి కంపిలిదేవుణ్ణి శరణు కోరాడు. రాజు అతణ్ణి అప్పగించలేదు. 1327లో ఢిల్లీ సైన్యం వచ్చి కోటను ముట్టడించింది. ఆడవాళ్లు అగ్నిలో దూకిన సంగతి, రాజు చివరిదాకా పోరాడి మరణించిన సంగతి మొరాకో యాత్రికుడు ఇబన్ బతూతా రాశాడు. శరణన్నవాడు తన మతంవాడా కాదా అని కంపిలిదేవుడు చూడలేదు. ఈ ఒక్క సంగతీ మన పిల్లలకు ఎవరూ చెప్పకపోవడం బాధాకరం.

విజయనగర కాలంలో ఈ పద్ధతికి నాయంకరం అని పేరు వచ్చింది. భూమి రాయలది. నాయకుడు దాని ఆదాయం తిని, ఇన్ని గుర్రాలు, ఇంతమంది బంట్లు అని లెక్క ప్రకారం సైన్యం పోషించి, మహానవమి రోజుల్లో కట్టవలసింది కట్టాలి. పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ ఇలాంటి నాయకులు రెండు వందల మందికి పైగా ఉన్నారని రాశాడు. హండే హనుమప్ప నాయకుడు ఈ పద్ధతిలో పైకి వచ్చినవాడు. బళ్ళారి, కురుగోడు, అనంతపురం, బుక్కరాయసముద్రం ఆయన చేతిలో ఉండేవి. బుక్కరాయసముద్రం అంటే మన తరంవాళ్లకు ముసలమ్మ గుర్తుకు వస్తుంది. కట్టమంచి రామలింగారెడ్డిగారి 'ముసలమ్మ మరణము' ఆ చెరువుకట్ట కథే.

1565లో రాక్షసి తంగడి యుద్ధం. విజయనగరం కూలింది. మన కోలాచలం శ్రీనివాసరావుగారు 'రామరాజు చరిత్ర'గా నాటకం రాసినది, అందులో పఠాన్ రుస్తుం వేషం కట్టి బళ్ళారి రాఘవగారు పేరు తెచ్చుకున్నది ఈ ఘట్టం మీదే. నాయంకరం ఇచ్చిన రాయలు పోయినా, పుచ్చుకున్న నాయకులు పోలేదు. హండే వాళ్లు బీజాపూరుకు కప్పం కట్టి కోట నిలుపుకున్నారు. 1678లో శివాజీ సైన్యం ఇటు వచ్చింది. మేతకు తిరిగిన మరాఠా మనుషులను కోటవాళ్లు చంపారన్న కోపంతో శివాజీ కోటను పట్టుకుని, కప్పానికి ఒప్పుకున్నాక తిరిగి ఇచ్చాడు. శివాజీని ఎదిరించిన బెళవడి మల్లమ్మ కథను కొందరు బళ్ళారికి అంటిస్తుంటారు. బెళవడి బెళగావి జిల్లాలోది.

పద్దెనిమిదో శతాబ్దంలో ఆదోనిలో నిజాం తమ్ముడు బసాలత్ జంగ్ కూర్చున్నాడు. ఆయన కప్పం అడిగాడు, బళ్ళారి నాయకుడు ఇవ్వనన్నాడు. ఆదోని సైన్యం కోట చుట్టూ దిగింది. నాయకుడు మైసూరు హైదర్ అలీకి కబురు పెట్టాడు. 1775 ప్రాంతంలో హైదర్ మెరుపులా వచ్చి ఆదోని సైన్యాన్ని తరిమేశాడు, ఆ వెంటనే కోట తనకే కావాలన్నాడు. హండే వాళ్ల బళ్ళారి ఏలుబడి అంతటితో సరి. కింది కోట కట్టిన ఫ్రెంచి ఇంజనీరును, ఎదురుగా ఉన్న కుంబార గుడ్డ కోటకన్నా ఎత్తన్న సంగతి గమనించలేదని హైదర్ ఉరి తీయించాడని మన ఊళ్లో అందరికీ తెలిసిన కథ. కథగానే చెప్పుకుందాం.

అనంతపురం శాఖ కష్టాలు వేరు. 1757లో గుత్తి మురారిరావు ఘోర్పడే ఆ ఊరిని ముట్టడించి 50,000 రూపాయలు పుచ్చుకుని వెళ్ళాడు. టిప్పు కాలంలో ఆ ఇంటి మగవాళ్లను ఉరి తీశారు. శ్రీరంగపట్నంలో బందీగా ఉన్న సిద్ధప్ప తప్పించుకుని, 1799లో టిప్పు మరణించాక తిరిగి వచ్చాడు. చివరికి సిద్ధరాంపురం అనే పల్లె ఆయనకు మిగిలింది.

చుట్టుపక్కల ఇంకా ఉన్నారు. 1565 తర్వాత దాదప్ప నాయకుడు మొదలుపెట్టిన హరపనహళ్ళి సంస్థానం బోయలది. రాయదుర్గం కోనేటి నాయకుడి సంతతి పెనుకొండ నుంచి కుందుర్పి మీదుగా వచ్చినవారు. సండూరు ఘోర్పడేలది. అదొక్కటే 1949 దాకా సంస్థానంగా నిలిచింది.

మిగిలినవాళ్ల కథ 1800లో తీరిపోయింది. నిజాం ఈ సీమను కుంపిణీకి దత్తం చేశాడు. కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో దత్తమండలాల్లో 80 మంది పాలెగాళ్లను లెక్కపెట్టి, సైన్యం సాయంతో వాళ్ల కోటలు, బంట్లు తీసేసి, కొందరికి పింఛను రాసి, రైతుతో నేరుగా శిస్తు లెక్క పెట్టుకున్నాడు. ఏడెనిమిది వందల ఏళ్లుగా రైతుకూ రాజుకూ మధ్య నిలిచిన ఇల్లు ఏడేళ్లలో పోయింది. మన్రో చేసింది రైతుకు మేలే అని నా అభిప్రాయం. అయితే పాలెగాడు తవ్వించిన చెరువుకు పూడిక తీయించే బాధ్యత ఎవరిదన్న ప్రశ్న అప్పటి నుంచే మొదలైందని కూడా అనుకుంటాను.

ఇప్పుడు సరిహద్దు సంగతి. 1882లో అనంతపురం బళ్ళారి జిల్లా నుంచి విడిపోయింది. 1953 అక్టోబర్ 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు, బళ్ళారితో సహా మిగిలినవి మైసూరుకు వెళ్లాయి. బళ్ళారి తాలూకా ఎటు అన్నదానిపై జస్టిస్ మిశ్రా విచారణ, దాని చుట్టూ రెండు పక్షాల సభలు మన ఇళ్లలో పెద్దవాళ్లకు గుర్తే. ఆ గీత కాగితాల మీద కూడా పడింది. హేమావతి ఒక రాష్ట్రంలో, కురుగోడు ఇంకో రాష్ట్రంలో. హండే వంశం సగం ఇక్కడి చరిత్ర, సగం అక్కడి చరిత్ర. నొళంబులు, సిందులు కన్నడంలో శాసనాలు వేశారు. మెకంజీ దొర మనుషులు దత్తమండలాల ఊరూరా రాయించిన కైఫీయతులు ఎక్కువగా తెలుగులో ఉన్నాయి. ఒక భాషే చదివితే ఈ కుటుంబాల కథ సగమే దొరుకుతుంది. 'మీరు ఎప్పుడొచ్చారు' అని బడిలో మన పిల్లల్ని ఎవరైనా అడిగితే కోపం తెచ్చుకోనక్కర్లేదు. ఈ సీమను ఏలిన ఇళ్లలో చాలావాటికి రెండు భాషల్లో రెండు పేర్లున్నాయని చెప్పమనండి.

కరణీకం చేసిన ఇళ్లలో దండకవిలెలు, ఇనాం పత్రాలు, పాత శిస్తు రసీదులు ఇంకా అటకల మీద ఉన్నాయి. ఇల్లు మారేటప్పుడు వాటిని పాత కాగితాల బండికి వేసే ముందు ఒకసారి మన సంఘం కార్యాలయానికి తెచ్చి చూపించండి. ఫొటో తీసుకుని వెంటనే తిరిగి ఇచ్చేస్తాం. మోడి లిపిలో ఉన్నా ఫరవాలేదు, చదవగలిగిన పెద్దలు ఇంకా ఒకరిద్దరు ఉన్నారు.