మాయమైన మీటలపలక

 

నేటి నా ప్రసంగవిషయము చూచుటకు మిక్కిలి అల్పము. చేతిఫోనులో వ్రాయబూనినప్పుడు అద్దముపై తేలివచ్చు మీటలపలక, అనగా కీబోర్డు, ఒక్కొక్కప్పుడు కనబడక పోవును. దానిని మరల రప్పించుకొనుట యెట్లు? ప్రశ్న ఇంతియే. కాని దీనికి సమాధానము వెదకబోయినచో తెలుగు లిపి వేయేండ్ల ప్రయాణమంతయు త్రోవలో నెదురగును. కావున ముందు కథ చెప్పి, పిమ్మట ఉపాయము మనవి చేసెదను.

గడచిన మాఘమాసమున ఒకనాటి సాయంకాలము అమెరికాలోనున్న నా బాల్యమిత్రుని కుమారుని యొద్దనుండి ఫోనునకు వార్త వచ్చినది. తండ్రి కాలధర్మము చెందెనని నాలుగు తెలుగు పంక్తులు. ఆ మిత్రుడును నేనును ఒకే బడిలో, ఒకే ఇసుకలో ఓనమాలు దిద్దినవారము. వెంటనే ఓదార్పుమాట వ్రాయవలెనని వ్రాతగడిని వ్రేలితో తాకితిని. మీటలు రాలేదు. మరల తాకితిని. మైకు బొమ్మ యొకటి మాత్రము కనబడినది. దాని యెదుట నాలుగు మాటలు పలికితిని. అది నా తెలుగును ఇంగ్లీషుగా నెంచి యేమేమో వ్రాసినది.

ఇంటనున్న మనుమడు చూచి, “తాతయ్యా, నువ్వు చెప్పు, నా ఫోనులో ఇంగ్లీషు అక్షరాలతో కొట్టి పంపేస్తాను” అనెను. వాని దయకు సంతసించితిని గాని మనసు ఒప్పలేదు. మిత్రుని తలచుకొని నా కళ్ళు చెమర్చినవని వ్రాయవలసియున్నది. కె, ఎ, రెండు ఎల్లులు, యు అని కొట్టినచో ఆ మాట కళ్ళు కావచ్చును, కాళ్ళు కావచ్చును, కల్లును కావచ్చును. మరణవార్తకు ఇచ్చు ప్రత్యుత్తరమును అట్టి సందిగ్ధములో పెట్టుదునా? ఆ రాత్రి తొమ్మిది గంటల వరకు మాట నా యొద్దనే నిలిచిపోయినది. అక్షరము తెలిసియు వ్రాయలేని నిరక్షరాస్యత ఎట్లుండునో ఆనాడు తెలిసివచ్చినది.

ఆ రాత్రి నాకు తోచినదేమనగా, ఇట్టి యిబ్బంది మన లిపికి క్రొత్త కాదు. వ్రాయు సాధనము మారినప్పుడెల్ల అక్షరము పోయినట్లే కనబడును. పోయినది అక్షరము కాదు, దాని పీట. ఎవరో యొకరు పూనుకొని క్రొత్త సాధనమున దానికి పీట వేసినప్పుడు అది మరల వచ్చి కూర్చుండును.

మన విశాఖపట్టణపు పొలిమేరలోని సింహాచలమునే చూడుడు. ఆ యాలయమున పదునొకండవ శతాబ్దము చివరినుండి శాసనములు కలవు. కళింగ దండయాత్రలో 1516వ సంవత్సరమున శ్రీకృష్ణదేవరాయలు వచ్చి స్వామికి చేసిన సమర్పణము కూడ అచ్చట రాతిపై నిలిచియున్నది. రాతి వ్రాతకు ఆయువు మెండు, నడక లేదు. చదువదలచినవాడు కొండ యెక్కవలెను. తాటియాకు వచ్చి ఆ వ్రాతకు నడక నేర్పినది. గంటముతో ఆకుపై గీయుదురు. గీతలో మసిగాని పసరుగాని పూసి తుడిచినచో అక్షరము నల్లగా తేలును. తిన్నని గీత పడినచో ఆకు చీలును గనుక మన లిపి గుండ్రని వంపులు దిద్దుకొన్నదని పెద్దలు చెప్పుదురు. సాధనమునకు అక్షరము లొంగినట్లు కనబడినను, అక్షరమే సాధనమును తనకు అనువుగా మలచుకొన్నదని నా తాత్పర్యము.

పిమ్మట అచ్చుకాలము. తెలుగు పుస్తకములు మొట్టమొదట అచ్చయినది మన దేశమున కాదు. బెంజమిన్ షుల్జ్ అను జర్మను దేశీయుడు 1740 దశకమున జర్మనీలోని హాలె నగరమున వానిని అచ్చొత్తించెను. మన పట్టణపు ముచ్చట ఇంకను విచిత్రమైనది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్‌గ్రాంజెస్ అను ఇద్దరు మిషనరీలు విశాఖపట్టణమునకు వచ్చి, పండితుని సాయమున తెలుగు నేర్చి, తమ మతగ్రంథమును తెనిగింప మొదలిడిరి. తెలుగు మాట ఇచ్చట పుట్టుచున్నది. తెలుగు సీసపు అక్షరము ఇచ్చట లేదు. క్రాన్ 1809లోను, డెస్‌గ్రాంజెస్ 1810లోను మరణించిరి. వారి వ్రాత 1812లో వంగదేశమందలి శ్రీరామపురమున అచ్చుపడినది. వ్రాసినవారు తమ అచ్చుపుస్తకమును కంట చూడలేదు. ఫోనులో మీటలు కానరాక కూర్చున్న నాకును వారికిని కష్టము ఒకటే: మాట సిద్ధము, పీట శూన్యము.

అదే 1812 మార్చి 11వ తేదీన శ్రీరామపురపు ముద్రణాలయము అగ్నికి ఆహుతి యయ్యెను. పెక్కు భారతీయ భాషల సీసపు అక్షరములు కరగి ముద్దలయ్యెను. అయినను అక్షరపు మూసలను కొట్టుటకు ఉపయోగించు ఉక్కు అచ్చులు బూడిదలో చెడక దొరకినవి. కరగిన సీసమునే మరల పోతపోసి కొలది నెలలలో అచ్చుపని సాగించిరి. ఉక్కునగరమున నివసించు మనకు ఈ ముచ్చట గుర్తుండవలెను. సీసము కరగును, మూల మైన ఉక్కు నిలుచును. పైకి కనబడునది పోయినంత మాత్రమున మూలము పోయినట్లు కాదు.

అచ్చు తరువాత టైపు యంత్రము వచ్చినది. అమెరికాలోని షోల్స్ అను నతడు కల్పించిన యంత్రమును రెమింగ్టన్ సంస్థ 1874లో విక్రయింప నారంభించెను. ఇరువదియారు అక్షరముల భాషకు అది చక్కగా అమరినది. అచ్చులు, హల్లులు, గుణింతములు, వత్తులు గల తెలుగునకు ఆ కొలది మీటలు చాలునా? కొన్ని గుర్తుల మీటలు కొట్టినప్పుడు బండి ముందునకు జరుగకుండ నిలుచు ఏర్పాటు చేసి, అక్షరము నెత్తిన తలకట్టు, క్రింద వత్తు పడునట్లు అమర్చిరి. 1966లో “విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు” అను కేక ఈ నగరమున మిన్నుముట్టినది. అదే సంవత్సరమున తెలుగును రాష్ట్రపు అధికారభాషగా చేయు చట్టము కూడ వెలువడినది. చట్టము మాట యిచ్చినను, కచేరీ బల్లపై తెలుగు మీటల యంత్రము లేనిచోట గుమాస్తా ఏ భాషలో కాగితము వ్రాయును? ఉన్న మీటల భాషలోనే వ్రాయును. చట్టముకంటె మీటలపలక బలవత్తరమైనది.

కంప్యూటరు వచ్చిన పిమ్మట మన విద్వాంసులు పాత తప్పు చేయలేదు. 1986లో భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖ భారతీయ లిపులన్నిటికి ఇన్‌స్క్రిప్టు అను ఉమ్మడి మీటలపలకను రూపొందించినది. అందు అచ్చులు ఎడమచేతి వైపునను, హల్లులు కుడిచేతి వైపునను ఉండును. క, ఖ ఒకే మీటపై, గ, ఘ వేరొక మీటపై నుండును. మన వర్ణమాల క్రమము తెలిసినవానికి ఇది కొట్టినపిండి. తెలుగున క ఉన్న మీటయే హిందీలోను, తమిళమునను క యగును. 1990 దశకపు ఆరంభమున అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయమునందలి తెలుగువారు ఇంగ్లీషు మీటలతో తెలుగు వ్రాయు పద్ధతి నొకదానిని ఏర్పరచిరి. దూరదేశముననున్నవారికి అది ఊతకఱ్ఱ యయ్యెను.

1991లో యూనికోడు అను ప్రపంచవ్యాప్తమైన అక్షరసంఖ్యాపట్టిక వెలువడినది. అందు తెలుగునకు 128 గదులు కేటాయింపబడినవి. ఒక్కొక్క గుర్తునకు ఒక్కొక్క సంఖ్య. “శ్రీ” అని మనము ఒక్క అక్షరముగా చూచునది యంత్రమునకు నాలుగు సంఖ్యలు: శకారము, హల్లు గుర్తు, రకారము, గుడిదీర్ఘము. ఇదియే మన కాలపు ఉక్కు అచ్చు. అద్దముపై కనబడు మీటలు, ఆ సంఖ్యలను పిలుచు పనివాండ్రు మాత్రమే.

అయినను మూలము ఉండిన చాలదు, దానిని చూపు నేర్పును ఉండవలెను. 2018 ఫిబ్రవరిలో ఆపిల్ సంస్థవారి ఐఫోనులలో ఒక వింత జరిగినది. జ్ఞకారమునకు దీర్ఘము చేర్చు చోట, కంటికి కానరాని సంకేత మొకటి నడుమ పడినచో, ఆ సందేశమును చూపబోయిన ప్రోగ్రాము నిలిచిపోయెను. జ్ఞానశబ్దపు తొలి యక్షరము ప్రపంచమందలి ఫోనులను తడబడజేసినది! ఆ నెల 19వ తేదీన సంస్థవారు సవరణ విడుదల చేసిరి. తెలుగు అక్షరమునకై ప్రపంచమంతట ఫోనులను దిద్దవలసి వచ్చుట అదృష్టమో, హెచ్చరికయో మీరే నిర్ణయింపుడు.

ఇక ఫోనులోని మీటల సంగతి. పూర్వపు ఫోనులలో మీటలు చేతికి తగులునట్లు బిగింపబడి యుండెడివి. 2007లో ఐఫోను వచ్చి వ్రాతమీటలను అద్దములోనికి చేర్చినది. 2009లో ఆండ్రాయిడు ఫోనులకును అద్దపు మీటలు అబ్బినవి. అప్పటినుండి కీబోర్డు వస్తువు కాదు, ప్రోగ్రాము. పిలిచిన వచ్చును, పని తీరిన పోవును. పిలుపు అందనిచో రాదు. కావుననే అది మాయమగుట సాధ్యమైనది.

ఆ రాత్రి మా మనుమడు నా ఫోనును పరిశీలించి కారణము కనుగొనెను. దోషము నాదే. అంతకు వారము ముందు ఫోనులో చోటు చాలుటలేదని, పేరు తెలియని ప్రోగ్రాములను ఒక్కొక్కటిగా నిలిపివేసితిని. అందు కీబోర్డు కూడ నున్నది! వాడు సెట్టింగులు తెరచి, నిలిపిన ప్రోగ్రామును మరల నడిపించి, భాషల భాగమున “ఆన్-స్క్రీన్ కీబోర్డు” అనుచోట మీట త్రిప్పెను. మరునిమిషమున అ, ఆ, ఇ, ఈ అద్దముపై తేలినవి. మిత్రుని కుమారునకు నా మాట నా లిపిలోనే పంపగలిగితిని.

మీకు ఇట్టి యిబ్బంది కలిగినచో కంగారు పడకుడు. ముందు వ్రాతగడిలోనే వ్రేలు పెట్టితిరా లేదా చూచుకొనుడు. గడి తాకనిదే మీటలు రావు. తాకినను రానిచో ఫోనును ఒకసారి ఆపి మరల తెరువుడు. సగము రోగములు ఈ నిద్రతోనే కుదురును. అప్పటికిని రానిచో సెట్టింగులలో భాషలు, కీబోర్డు అను భాగము తెరచి, మీ కీబోర్డు అనుమతింపబడినదో లేదో చూడుడు. ఆ భాగము స్థానము ఫోనును బట్టి కొంత మారుచుండును. సెట్టింగుల వెదకుగడిలో పేరు కొట్టుటకు మీటలు లేవు గనుక ఓపికగా క్రిందికి జరుపుచు చూడవలెను. బ్లూటూతు ద్వారా వేరొక కీబోర్డుగాని అట్టి పరికరముగాని ఫోనునకు కలిసియున్నచో, ఫోను అదియే చాలునని తన మీటలను దాచుకొనును. బ్లూటూతు ఆపి చూడుడు. ఇవి యేవియు ఫలింపనిచో ఆ ప్రోగ్రాము తాత్కాలికపు నిల్వను తుడిచి, నవీకరణము ఉన్నచో చేయింపుడు. మొత్తము సమాచారమును తుడువకుడు. తుడిచినచో అది నేర్చుకొనిన మీ మాటలన్నియు పోవును.

మీటలు వచ్చి తెలుగు మాత్రము రానిచో అది వేరు సంగతి. కీబోర్డు భాషలలో తెలుగును చేర్చి, భూగోళము బొమ్మ గల మీటను తాకినచో లిపి మారును. మరియొక్క హెచ్చరిక: ఊరు పేరు లేని కీబోర్డులను ఎవరో పంపిరని ఎక్కింపకుడు. మీరు కొట్టు ప్రతి యక్షరమును, బ్యాంకు రహస్యసంకేతముతో సహా, కీబోర్డు చూచును. ఇంటి తాళపుచెవిని దారినపోవువానికి ఇత్తుమా?

పెద్దలారా! ఈ పని పిల్లలది, మనకేల అని తలపకుడు. మన పిల్లలు తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరములలో వ్రాయుచున్నారని నొచ్చుకొనువారిలో నేనును ఒకడను. కాని వారిలో ననేకుల ఫోనులలో తెలుగు పీట వేయబడనే లేదు. లేని పీటపై ఎవరు కూర్చుందురు? ఆ రాత్రి నా ఫోనులో మనుమడు పీట వేసినాడు. మరునాడు ఉదయము వాని ఫోనులో తెలుగు చేర్పించి, వానిచేత మొదటి మాటగా వాని పేరు వ్రాయించితిని. ఒత్తు ఎచ్చట నున్నదో వెదకి వెదకి వ్రాసినాడు. నేను పలక పట్టి దిద్దించిన రోజులు గుర్తునకు వచ్చినవి.

మీ యింటను ఈ సాయంకాలమే ఆ పని చేయింపుడు. మీ మనుమలచేత మీ ఫోనులో తెలుగు మీటలు తెరపింపుడు, వారి ఫోనులలో మీరు దగ్గరనుండి తెరపింపుడు. వారు మీటలు చూపుదురు, మీరు అక్షరము చూపుడు.