చెరువుకు దశబంధము – కొండకు కావలి

ఈ శతవార్షిక సంచికకు మా ప్రాంత చరిత్రను గూర్చి వ్రాయుమని సంపాదకులు కోరినప్పుడు, దొరల కాలపు ఆసుపత్రులు, బడులు, దేవాలయ నిర్మాణములను గూర్చి వ్రాయదలచితిమి. వాటిని ఇతరులు మాకంటె బాగుగా వ్రాసియుందురు. మేము పరిచర్య చేయుచున్న వాల్మీకిపురం చుట్టుపట్ల పల్లెలలో సంఘస్థులు ఈ మధ్య మమ్మును అడుగుచున్నది వేరొక సంగతి. "అయ్యగారూ, కొండకు కావలి ఎవరు పెట్టాల? కూలి ఎవరియ్యాల?" అని. దీనికి జవాబు వెదకబోయి చరిత్రలో పడితిమి.

మన వాయల్పాడు, మదనపల్లె తాలూకాలు 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడువరకు కడప జిల్లాలోనివి. ఏరులు ఉన్నవిగాని నీళ్ళు వాన పడిన నాలుగు దినములే. గనుక మన పెద్దలు చెరువులనే నమ్ముకొనిరి. ఆ చెరువుల సంరక్షణకు దశబంధము అను ఒక ఏర్పాటు ఉండెను. చెరువు కట్టించినవానికి గాని, పాడైన దానిని బాగుచేయించినవానికి గాని, దాని క్రింది భూమిలో ఇంచుమించు పదియవ వంతు పన్ను లేకుండగనో, స్వల్పమైన పన్నుతోనో ఇచ్చెడివారు. షరతు ఒక్కటే: ఆ కుటుంబము తరతరములు కట్టకు మన్ను వేయవలెను, తూమును మరవను చూచుకొనవలెను. మనము కానుకగా తెచ్చు దశమభాగమునకును దీనికిని ఉన్న పోలికను మేము చెప్పగా, మా సంఘములోని ఒక పెద్దాయన, "పేరు ఒకటేగానీ అయ్యగారూ, ఇది ఎగ్గొడితే భూమి పోతాది" అని నవ్వెను.

ఆయన మాటలోనే విషయమంతయు ఉన్నది. సర్కారు ఖజానానుండి రొక్కము కదలలేదు. తనకు రావలసిన శిస్తును సర్కారు వదులుకొన్నది, పని ఊరివాడు చేసినాడు. పని మానినచో అనుభవమునకు ముప్పు. ప్రజాధనము, ఊరి శ్రమ ఒకే ముడిలో ఉండినవి. అయితే ఈ ఏర్పాటును మరీ పొగడుటకు మాకు మనస్సు రాదు. మన సంఘ పితరులలో అనేకులు ఆ కట్టల మన్ను మోసినవారే గాని దశబంధపు భూమిని అనుభవించినవారు కారు. కొందరికి నీరుగంటి పని దక్కెను, కళ్ళములో మేర దక్కెను, అంతే. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను ఇట్టి ఇనాములన్నిటిని లెక్కలకెక్కించెను. పిమ్మట చెరువులు క్రమముగా ఇంజనీర్ల శాఖల చేతికి పోయినవి. 1956 నాటి ఇనాముల రద్దు చట్టముతో ఆ కాలమే గడచిపోయెను.

కొండ చరిత్ర వేరు. 1876-78 నాటి ధాత కరువులో ఈ సీమ బీదలు ఆకులు అలములు తిని ప్రాణము నిలుపుకొనిరని మన ఇండ్లలో ఇంకను చెప్పుకొందురు. ఆ కరువు గడచిన నాలుగేండ్లకే, 1882లో, మద్రాసు అటవీ చట్టము వచ్చెను. కొండలు రిజర్వులైనవి. మేతకు రుసుము, కట్టెకు అనుమతి, తప్పిన జుల్మానా. అడవి మిగిలినదనుట నిజమే. దానితోపాటు "ఇది సర్కారు కొండ, మనకేమి?" అను మాట కూడ పుట్టినది. ఈ మాటే అన్ని గొడ్డళ్ళకంటె ఎక్కువ చెట్లను కొట్టినదని మా అభిప్రాయము. రైతుల మొర విని 1913లో అటవీ సంఘమొకటి, కొన్ని రిజర్వులను ఊరి పంచాయతీలకు అప్పగింపవచ్చునని సిఫారసు చేసెను. తరువాత మద్రాసు రాజధానిలో అటవీ పంచాయతీలు కొన్నిచోట్ల నడచినవి. బాధ్యత ఊరిది, అధికారము మాత్రము కచేరిది.

కడప కలెక్టరుగా నుండిన హార్స్లీ దొర వేసవి విడిది కట్టుకొన్న కొండ మనకందరకు తెలిసినదే. దానికి అంతకుముందున్న పేరు యేనుగు మల్లమ్మ కొండ. ఏనుగులు సాకిన మల్లమ్మ అను బాలిక కథ మన పిల్లలకు ఎందరికి తెలియునో! అక్కడ 1859లో నాటిన నీలగిరి చెట్టును చూపించుదురు. దొర చెట్టు లెక్కలో నిలిచినది, మల్లమ్మ చెట్లను లెక్కించినవారు లేరు.

1992లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము ఊరివారితో కలసి అడవిని కాపాడు పద్ధతికి ఉత్తరువులిచ్చి వన సంరక్షణ సమితులను ఆరంభించెను. 1994లో ప్రపంచ బ్యాంకు అప్పుతో పెద్ద ప్రాజెక్టు, 2002లో మరియొకటి వచ్చినవి. రాతి అడ్డుకట్టలు, కందకములు, మొక్కలు, కావలివానికి కూలి. మేము తరచు వెళ్ళు ఒక పల్లెలో మన సంఘస్థులే సమితిలో ఉండిరి. సీతాఫలము, కానుగ, బోదగడ్డి తిరిగి లేచినవని ఒక తల్లి సంతోషముతో చెప్పుచుండెను. పిమ్మట ప్రాజెక్టు ముగిసెను. కావలివాని కూలి నిలిచెను. ఒక వేసవిలో నిప్పు అంటుకొనెను, ఆర్పుటకు పరుగెత్తినవారు నలుగురే. కాలిన కొండను ఆ ఆదివారము ఆరాధన తరువాత చూచి వచ్చితిమి. మనుష్యులు చెడ్డవారు కారు. కూలి ఉన్న పదేండ్లలో కావలి జీతగాని పని అని అందరు అలవాటుపడిరి.

మదనపల్లెలో పని చేయుచున్న ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ అను సంస్థ వేరొక దారి పట్టినది. దీని మూలము జాతీయ పాడి అభివృద్ధి బోర్డు 1980లలో ఆరంభించిన చెట్ల పెంపకపుదారుల సహకార సంఘములలో ఉన్నది. సంస్థ 2001లో ఏర్పడెను. ఊరి బీళ్ళు, మేత పోరంబోకులు, గుట్టలు ఎవరివో తేల్చి, ఎన్నడు మేపవలెనో, ఎన్నడు మూయవలెనో ఊరివారే నియమము వ్రాసికొనుటకు తోడ్పడుదురు. డబ్బుకంటె ముందు నియమము. 2006లో అనంతపురం జిల్లా బండ్లపల్లెలో ఆరంభమైన ఉపాధి హామీ పథకపు కూలి, ఇట్టి నియమమున్న ఊళ్ళలో గుట్టకు ఉపయోగపడినట్లు, లేని ఊళ్ళలో ఉపయోగపడలేదు. మదనపల్లెకు దగ్గరలోని రిషివ్యాలీ గుట్టలుకూడ మేతనుండి కాచి పచ్చబరచినవే. ఆ లోయ 1991లో పక్షుల రక్షణ స్థలమైనది.

కుప్పం, పలమనేరు వైపు వ్యవహారము ఇంకను కష్టము. 1980లలో ఏనుగుల మందలు పొరుగు రాష్ట్రములనుండి వచ్చి నిలిచినవి. 1990లో సుమారు 358 చదరపు కిలోమీటర్ల కౌండిన్య అభయారణ్యము ఏర్పడెను. ఏనుగు బ్రదుకుట దేశమంతటికి సంతోషమే, తొక్కిన చేను మాత్రము ఒక్క రైతుది. ఆ నష్టమును అందరి పన్నులలోనుండి ఇచ్చుట ధర్మకార్యము కాదు, బాకీ తీర్చుట. మల్లమ్మను సాకిన ఏనుగులకు మేత పెట్టు వంతు ఆ రైతు ఒక్కనిదే కారాదు.

అడవులు పోయినచోట వసూలైన సొమ్ముకు 2016లో పరిహార వనీకరణ నిధి చట్టము వచ్చినది. అందులో తొంబది పాళ్ళు రాష్ట్రములకు చేరును. జీవవైవిధ్య చట్టము 2002 ప్రకారము ప్రతి స్థానిక సంస్థకు ఒక కమిటీ, ఒక నిధి ఉండవలెను. మా పల్లెలో ఈ కమిటీ పేరు విన్నవారు మాకు ఇంతవరకు దొరకలేదు.

కొండ కాలిన పల్లెలో గత వేసవికి ముందు సంఘ పెద్దలు, ఇతర కులముల పెద్దలు రచ్చకట్టపై కూర్చుండిరి. మమ్మును కూడ పిలిచిరి. గొర్రెలవారు మొదట ఒప్పుకొనలేదు. మూడు నెలలు పడమటి వాలు మాత్రమే మూయుదుమన్న తరువాత ఒప్పుకొనిరి. కావలివానికి ఇంటింట రాగులు, తక్కినది పంచాయతీ ఇవ్వవలెనని అర్జీ వ్రాసి అందరు వేలిముద్రలు, సంతకములు పెట్టిరి. మ్రానికొమ్మల ఆదివారమునకు ముందు శనివారము నిప్పుగీత చెక్కిరి. రాగులు ఇండ్లనుండి వచ్చుచున్నవి. అర్జీకి జవాబు రావలసియున్నది.