ఓడ చిట్టాలో ఇంటిపేరు లేదు

మదరాసు రేవు విడిచిన ‘ట్రూరో’ అనే ఓడ 342 మందితో 1860 నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని నేటాలు వలసరాజ్యానికి, డర్బన్ రేవుకు చేరుకుంది. చెరకు తోటల్లో పని చేయడానికి ఒప్పందం మీద వెళ్ళిన తొలి జట్టు అది. మధ్యలో 1866 నుంచి 1874 దాకా కొంత విరామం వచ్చినా, 1911 వరకూ ఈ రవాణా సాగుతూనే ఉంది. మొత్తం 384 ఓడ ప్రయాణాలు, 1,52,184 మంది మనుషులు. వీరిలో సుమారు మూడింట రెండు వంతులు మదరాసులో ఓడ ఎక్కినవారే. వీరిలో ప్రతి ఒక్కరికీ ఒక సంఖ్య వేసి, ఒక వరుసలో పేరు రాసి ఉంచారు. ఆ చిట్టాలు ఈనాటికీ ఉన్నాయి. డర్బన్‌లోనో పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లోనో పుట్టిన ఒక తెలుగు కుటుంబపు అయిదో తరం, ఆరో తరం మనిషి “మా ముత్తాత ఏ ఊరివాడు?” అని అడిగినప్పుడు మొదట తెరవవలసినవి అవే.

అయితే వాటిని తెరిచే ముందు ఒక విషయం గుర్తుంచుకోవాలి. అవి వంశవృక్షాల కోసం పుట్టిన కాగితాలు కావు. తోట యజమాని సొమ్ము పెట్టి తెప్పించుకున్న మనిషి పారిపోతే పట్టుకోవడానికి, చనిపోతే లెక్క తేల్చడానికి, గడువు తీరాక తిరుగు ఓడకు హక్కున్నదీ లేనిదీ చూసుకోవడానికి రాసుకున్న పద్దులవి. అందుకే గడులు ఆ అవసరానికి తగినట్టే ఉంటాయి: సంఖ్య, పేరు, తండ్రి పేరు, వయస్సు, స్త్రీయా పురుషుడా, కులం, జిల్లా, తాలూకా, గ్రామం, ఒంటి మీది గుర్తులు. మోకాలి మీద మచ్చ, కనుబొమ్మ పైన గాటు, ముంజేతి మీద పచ్చబొట్టు. మనిషి రూపం గురించి ఆ వంశానికి మిగిలిన వర్ణన ఒక్కోసారి ఈ మచ్చ మాత్రమే కావడం విచారకరమే గాని, అది కూడా లేని వంశాలు మన ఊళ్ళలో కోకొల్లలు.

ఇన్ని గడులున్నా ఇంటిపేరుకు గడి లేదు. తెలుగువారి విషయంలో ఇది చిన్న లోపం కాదు. మనలో ఇద్దరు కొత్తవారు కలిస్తే మొదట అడిగేది ఇంటిపేరే, సంబంధం కలుపుకోవాలన్నా కాదనుకోవాలన్నా అదే ఆధారం. చాలా ఇంటిపేర్లు ఊళ్ళ పేర్లే కాబట్టి, ఆ ఒక్క మాట రాసి ఉంటే సగం వెతుకులాట తప్పేది. దొరల పద్ధతిలో మనిషికి తండ్రి పేరు చాలు. దాంతో రెండో తరానికి వచ్చేసరికి తాతగారి సొంత పేరే కుటుంబానికి ఇంటిపేరై కూర్చుంది. ఇక్కడ అప్పలస్వామి అన్నది ఒక మనిషి పేరు. అక్కడ అప్పల్‌సామి అన్నది ఒక వంశం పేరు. గౌరవ వాచకాలుగా, కులసూచకాలుగా పేరు చివర వచ్చే నాయుడు, రెడ్డి వంటివి కూడా అలాగే ఇంటిపేర్లయ్యాయి. కనుక దక్షిణాఫ్రికాలో ఇద్దరు నాయుళ్ళు కలిస్తే వారికి చుట్టరికం ఉన్నట్టూ కాదు, లేనట్టూ కాదు.

ఇక పేర్ల రాతలో జరిగిన చిత్రాలు చెప్పనలవి కావు. చెప్పేవాడు తెలుగులో చెబుతాడు, గుమాస్తా తనకు వినిపించింది ఇంగ్లీషు అక్షరాల్లో పెడతాడు. ల, ళ ఒకటవుతాయి, ట, త ఒకటవుతాయి, ఒత్తులు ఎగిరిపోతాయి. లక్ష్మయ్య లచ్చయ్య కావచ్చు, లుచ్మియా కావచ్చు. అందుచేత చిట్టాలో పేరును కంటితో వెతికితే దొరకదు, పైకి చదివి చెవితో పోల్చుకోవాలి. అంత వికృతమైన రాతలోనూ కొన్ని పేర్లు తమ ఊరి దిక్కు చెప్పక మానవు. అప్పన్న, సింహాద్రి, అప్పలనరసమ్మ, పైడయ్య కనిపిస్తే సింహాచలం, విజయనగరం చుట్టుపక్కల వెతకడం న్యాయం. మునెమ్మ, చెంగమ్మ, మునుసామి కనిపిస్తే చిత్తూరు, నెల్లూరు వైపు చూడాలి. ఇది రుజువు కాదు, ఆచూకీ మాత్రమే. పేర్లు మార్చి చెప్పినవారూ ఉంటారు. అప్పుల నుంచో, కులం కట్టుబాటు నుంచో, ఇంటి నుంచో తప్పించుకు వచ్చినవాడు డిపోలో నిజం పేరే చెప్పాలని ఏముంది!

లేని గడి మరొకటి ఉంది: భాష. ఏ భాష మాట్లాడతావని ఎవరూ అడగలేదు. మదరాసులో ఓడ ఎక్కినవారందరూ మదరాసీలే. కాబట్టి మన పూర్వీకుడు తెలుగువాడా, తమిళుడా అన్నది జిల్లా గడిని బట్టి ఊహించుకోవాలి. చాలామంది దారి తప్పేది ఇక్కడే. “ఉత్తర ఆర్కాటు” అని చూడగానే తమిళదేశం అనుకుంటారు. కాని 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే వరకూ చిత్తూరు, చంద్రగిరి, పలమనేరు ఉత్తర ఆర్కాటులోనివే. అంటే నేటాలుకు ఓడలు వెళ్ళిన యాభై ఏళ్ళలో చిత్తూరు పల్లెవాడు ఎవడైనా ఉత్తర ఆర్కాటు వాడుగానే నమోదయ్యాడు. ఇంట్లో తెలుగు రెండో తరంలోనో మూడో తరంలోనో ఆగిపోయి ఉంటే, ఆ తర్వాతి పిల్లలు తాము తమిళులమని నమ్మడంలో తప్పేముంది? ఆర్కాటు అన్న మాట పక్కన తాలూకా, గ్రామం గడులు కూడా చదివితేనే సంగతి తేలుతుంది.

గంజాం కథ ఇంకా చిత్రం. నేటి పటంలో గంజాం ఒడిశా జిల్లా. ఆనాటి గంజాంలో శ్రీకాకుళం, టెక్కలి, సోంపేట, ఇచ్ఛాపురం ఉండేవి. 1936లో ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు దక్షిణాన ఉన్న తెలుగు ప్రాంతాలు విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం వేరు జిల్లా అయింది. గోదావరి జిల్లా 1859లో ఏర్పడింది, 1925లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాలు వచ్చాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లోని 13 జిల్లాలు 26 అయ్యాయి. ఇన్ని సరిహద్దులు మారినా ఊరు కదలలేదు. కనుక చిట్టాలోని జిల్లా పేరును నేటి పటంలో గాక ఆ కాలపు పటంలో వెతకాలి. అప్పుడు కూడా కొత్తవలసలు, కొత్తపల్లెలు తాలూకాకు రెండు మూడు తగులుతాయనుకోండి, అది వేరే బాధ.

పేరు నమ్మలేం, వయస్సు గుమాస్తా కంటి అంచనా, కులం చెప్పినంత మాత్రం. మరి నమ్మదగినది ఏది? సంఖ్య. మనిషిని మనిషిగా చూడని ఆ అంకెే మనవలకు అక్కరకు రావడం చరిత్రలోని వింతల్లో ఒకటి. నేటాలులో గాని మారిషస్‌లో గాని కూలికి వేసిన సంఖ్య ఓడ దిగగానే చెరిగిపోలేదు. పెళ్ళి నమోదులో, పిల్లల పుట్టుకలో, మరణంలో అది వెంట నడిచింది. అందుకే తెలిసినవారు ఓడ దగ్గర మొదలుపెట్టరు. తమ ఇంటి పెట్టెలోని తాతగారి మరణపత్రంతో మొదలుపెట్టి, పెళ్ళికాగితం, పుట్టుక కాగితం మీదుగా వెనక్కి నడిచి, సంఖ్య దొరికాకనే ఓడ చిట్టా తెరుస్తారు. ఒకే పేరుగల ఇరవైమంది వెంకటసాముల్లో మనవాడెవడో చెప్పగలిగేది ఆ అంకె ఒక్కటే.

మారిషస్‌లో మరో భాగ్యం ఉంది. అక్కడికి 1834 నుంచి దాదాపు అయిదు లక్షల మంది చేరారు. వారి దస్తావేజులు మోకాలోని మహాత్మాగాంధీ సంస్థలో ఉన్నాయి. 2015లో యునెస్కో వాటిని ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది. 1860ల నుంచి కూలీల ఫోటోలు కూడా తీయించారు. నిఘా కోసమే తీసినవి, సందేహం లేదు. కాని మన పల్లెల్లో జమీందారుకైనా ఫోటో అరుదైన రోజుల్లో, ఒక కూలిమనిషి ముఖం భద్రంగా మిగిలిపోయింది.

స్త్రీల వరుసలు చదివేటప్పుడు మరికొంత నిదానం కావాలి. నూరుగురు పురుషులకు నలభైమంది స్త్రీలైనా ఉండాలని ఫిజీ వలసకు నియమం ఉండేది. ఆ లెక్క కుదరడానికి ఒంటరి స్త్రీలను కూడా చేర్చుకునేవారు. చిట్టాలో భర్త పేరు లేకుండా, పిల్లవాణ్ణి చంకనెత్తుకొని వచ్చిన ఒక ఇరవయ్యేళ్ళ మనిషి కనబడితే, ఇంట్లో చెప్పుకునే కథకూ కాగితానికీ పొంతన కుదరదు. వితంతువా, విడిచి వచ్చిందా, విడిచిపెట్టబడిందా అన్నది కాగితం చెప్పదు. కొన్ని కుటుంబాలు ఇక్కడే చిట్టా మూసేస్తాయని విన్నాను. అది వారి ఇష్టమే గాని, ఆ తల్లి అంత సముద్రం దాటకపోతే ఆ కుటుంబమే లేదు గదా.

ఫిజీకి 1879 నుంచి 1916 దాకా 60,965 మంది వెళ్ళారు. ప్రతి ఒక్కరికీ ఒక వలస పాసు. అవి సువాలోని జాతీయ అభిలేఖాగారంలో ఉన్నాయి. ఒక గిర్మిటియా మనవడైన చరిత్రకారుడు బ్రిజ్ లాల్ వాటిలో 45,439 పాసులను ఒక్కొక్కటిగా పరిశీలించి, 1983లో ‘గిర్మిటియాస్’ అనే గ్రంథంగా వెలువరించాడు. ఎవరు, ఏ జిల్లా నుంచి, ఎటువంటి స్థితిలో వెళ్ళారో తేల్చిన గొప్ప పని అది. అయితే ఆయన తీసుకున్నవి కలకత్తా పాసులు. 1903 తర్వాత మదరాసు నుంచి వెళ్ళిన పదిహేను వేల మందికి పైగా దక్షిణాదివారు, అందులోని మన గోదావరి, విశాఖ, ఆర్కాటు జిల్లాలవారు, ఆ పుస్తకం పరిధిలోకి రాలేదు. వారి పాసులను అదే శ్రద్ధతో చదవవలసిన బాధ్యత తెలుగు, తమిళం వచ్చినవారిది.

ఇంతవరకూ చెప్పుకున్నది ఒప్పందానికి కట్టుబడి వెళ్ళినవారి సంగతి. మన కోస్తా పల్లెల్లో అంతకంటే ఎక్కువగా వినిపించే మాట “రంగం పోయాడు”. రంగం అంటే రంగూన్. కాకినాడ, విశాఖపట్నం రేవుల నుంచి డెక్కు టికెట్టు కొనుక్కొని ఓడ ఎక్కి, అక్కడి రేవుల్లో, బియ్యం మిల్లుల్లో పనిచేసి, నాలుగు రాళ్ళు కూడితే తిరిగి వచ్చేవారు. వారిని అక్కడ ‘కోరంగీలు’ అనేవారు. కోరంగి రేవు 1839 తుఫానులో దెబ్బతిని వెనకబడిపోయినా, పేరు మాత్రం సముద్రం అవతల నూరేళ్ళు బతికింది. 1931 జనాభా లెక్కల నాటికి బర్మాలో భారతీయులు పది లక్షలకు పైన. రంగూన్ నగరంలో సగానికి మించి వారే.

ఈ లక్షలమందికి ఓడ చిట్టా లేదు. 1937 దాకా బర్మా ఇండియాలో ఒక రాష్ట్రం. మదరాసు నుంచి బొంబాయికి పోయేవాడికి ఎంత కాగితం కావాలో, రంగం పోయేవాడికీ అంతే. ఒప్పందం లేదు కనుక సంఖ్య లేదు, తోట యజమాని లేడు కనుక ఒంటి మీది మచ్చ రాసుకునే గుమాస్తా లేడు. ఏ నెలలో ఎంతమంది దిగారన్న మొత్తాలు మిగిలాయి, మనుషులు మిగల్లేదు. అయిదేళ్ళు కట్టుబానిసగా బతికినవాడి తండ్రి పేరూ ఊరూ నూట అరవై ఏళ్ళ తర్వాత కూడా దొరుకుతుండగా, తన ఇష్టాన టికెట్టు కొనుక్కున్నవాడి పేరు ఎక్కడా దొరకదు.

1942 మార్చిలో రంగూన్ జపాను వశమైంది. ఆ రోజుల్లో అడవుల వెంట నడిచి వస్తూ దారిలో పోయినవారి లెక్క కూడా ఇళ్ళలోనే ఉంది. 1964 తర్వాత బర్మా విడిచి వచ్చినవారి జాడగా విశాఖపట్నంలో బర్మా క్యాంపు అన్న పేరు నిలిచింది. వారి కుటుంబాల్లో ఎనభై దాటిన పెద్దలు ఇంకా కొందరున్నారు. ఎవరి తాత ఏ ఊరి నుంచి, ఎవరి వెంట, ఏ మిల్లుకు వెళ్ళాడో వారికి తెలుసు. ఇంటిపేర్లతో సహా తెలుసు.